దారే కంచె

కొండదారిలో బురదగుంట కనబడితే బూట్లు పాడవుతాయని పక్కనున్న గడ్డి మీదికి తప్పుకుని పోయేవాళ్ళలో నేనూ ఒకడిని. అమెరికాలో షార్లెట్ నగరానికి వచ్చి పన్నెండేళ్ళయింది. రెండు రోజులు సెలవు దొరికితే ఉత్తర కరోలినా పడమటి కొండలకు బయలుదేరడం అలవాటైపోయింది. ఇన్నేళ్ళూ అలాగే నడిచాను. పైగా అది మర్యాద అనుకున్నాను కూడా. బురదను కెలక్కుండా, ఎవరికీ అడ్డం కాకుండా, పక్కగా పోతున్నాను కదా!

2025 ఏప్రిల్‌లో ఒక శనివారం స్వచ్ఛందంగా పనిచేసే ఒక బృందంతో కలిసి, ఆ కొండల మీదుగా పోయే అపలాచియన్ కాలిబాట మీదికి వెళ్ళాను. అంతకు ఏడు నెలల ముందు హెలీన్ తుపాను ఆ కొండలను చిందరవందర చేసింది. తుపాను చేసిన నష్టాన్ని సరిచేయడానికి వచ్చామన్న వీరావేశం నాలో నిండుగా ఉంది. బృందాన్ని నడిపిస్తున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన మొదటి గంటలోనే ఒక గుంట దగ్గర ఆగాడు. గేదె పడుకున్నంత వెడల్పున బురద. దానికి అటూ ఇటూ గడ్డి చచ్చి, రెండు కొత్త దారులు పడి ఉన్నాయి. "దీన్ని తుపాను చేయలేదు. మనం చేశాం," అన్నాడు. ఆ మాట అందరితోనూ అన్నదే. నాకు మాత్రం నన్ను చూసి అన్నట్టే అనిపించి తల దించుకున్నాను.

ఈ వ్యాసం అసలు పుట్టింది అక్కడే. కానీ రాయాలన్న పంతం కలిగించింది మాత్రం మా నాన్న.

నాన్న తిరుపతిలో ఉంటారు. ఆ ఆదివారం వీడియో కాల్‌లో నా చేతులకు బొబ్బలు చూసి సంగతి అడిగారు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఒరేయ్, కొండ కూలింది. చెట్లు పడ్డాయి. మనుషులు పోకుండా ఉంటే అడవి దానంతట అదే కోలుకుంటుంది. మీరు మళ్ళీ దారి వేసి జనాన్ని తోలడం దేనికి? దానికి ప్రకృతి రక్షణ అని పేరు ఒకటి," అన్నారు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. దొరకకపోవడమే కాదు, ఆయన అన్నది నిజమేమో అని కూడా అనిపించింది. ఆ తర్వాత మరో ఆరేడు శనివారాలు ఆ కొండల్లోనే గడిచాయి. ఇప్పుడు నా దగ్గర ఒక జవాబు ఉంది. నాన్న ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను.

ముందు తుపాను సంగతి. 2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడా తీరాన్ని నాలుగో శ్రేణి తుపానుగా తాకింది. సముద్రానికి అంత దూరాన ఉన్న కొండలకు తుపాను ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళకు ఆ వారం పెద్ద పాఠమే చెప్పింది. తుపాను రాకముందే, దాని తేమ ముందుగా వచ్చి కొండల మీద రెండు రోజులు కురిసింది. నేల నానిపోయాక అసలు తుపాను వచ్చి ఇంకా కురిసింది. బ్యూసిక్ అనే చోట మొత్తం 30 అంగుళాలకు పైగా వాన నమోదైంది. అనంతపురంలో ఏడాదంతా కురిసే వాన 22 అంగుళాలు. ఏడాది వానను మించినది మూడు నాలుగు రోజుల్లో, అదీ నిటారు కొండ మీద పడిందనుకోండి. ఆ కొండల్లోని ఆషెవిల్ నగరంలో ఫ్రెంచ్ బ్రాడ్ నది 24 అడుగులు దాటి, 1916 నాటి మహా వరద గుర్తును కూడా ముంచేసింది. కొండచరియలు రెండు వేలకు పైగా విరిగిపడ్డాయని లెక్క. ఒక్క ఉత్తర కరోలినాలోనే వందమందికి పైగా చనిపోయారు.

కొండ మీద మట్టి మందం తక్కువ. అడుగున్నర తవ్వితే రాయి తగిలే చోట్లు బోలెడు. చెట్ల వేళ్ళు లోతుకు పోలేక పక్కలకు పళ్ళెంలా పరుచుకుంటాయి. నానిన మట్టికి పట్టు పోతుంది, పైనుంచి గాలి తోస్తుంది. అందుకే చాలా చెట్లు విరగకుండా పెకలిపోయాయి. వేళ్ళతో పాటు గదంత మట్టిపెళ్ళ లేచి గోడలా నిలబడింది. ఆ పెళ్ళ లేచిన చోట దారి ఉంటే, దారి కూడా దానితోపాటే లేచిపోయింది. నేను చూసిన ఒక చోట, చెట్టు బోదె మీద వేసిన తెల్లగీత, అంటే దారి గుర్తు, ఆకాశం వైపు చూస్తోంది.

అపలాచియన్ కాలిబాట జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్ళు సాగుతుంది. దాని దక్షిణ భాగంలో 400 మైళ్ళకు పైగా దారి ఈ తుపాను దెబ్బ తిన్నది. టెనెసీలో అర్విన్ ఊరి దగ్గర నోలిచకీ నదిని దాటించే వంతెన కొట్టుకుపోయింది. మరుసటి వసంతంలో నడిచేవాళ్ళను అవతలి ఒడ్డుకు చేర్చడానికి అక్కడ పడవ నడిపారు. గోదావరి గట్టున పెరిగిన మా ఆవిడకు ఈ మాట చెబితే, "రేవు పెట్టారన్నమాట," అని తేల్చేసింది. అమెరికా మొత్తంలో నాకు బాగా అర్థమైన మరమ్మతు అదొక్కటే.

ఇక నాన్న ప్రశ్న. మనుషులు నిజంగా రాకపోతే ఆయన మాటకు తిరుగులేదు. పడిన చెట్టు అడవికి నష్టం కాదు. పైకప్పు తెరుచుకుని కింద పడిన వెలుగులో కొత్త మొలకలు లేస్తాయి. కుళ్ళే దుంగ కింద పురుగులు, బూజులు, సాలమాండర్లు కాపురం పెడతాయి. ఈ దక్షిణ అపలాచియన్ కొండలు సాలమాండర్ జాతులకు ప్రపంచంలోనే పెద్ద నెలవు. బల్లిలా కనబడే కప్ప చుట్టాలు ఇవి. వాటిలో చాలా జాతులకు ఊపిరితిత్తులే ఉండవు, తడి చర్మంతో గాలి పీల్చుకుంటాయి. వాటికి కావలసింది నీడ, తేమ, కుళ్ళిన దుంగలు. తుపాను వాటికి పదేళ్ళకు సరిపడా దుంగలు పడేసిపోయింది. అడవిని శుభ్రం చేస్తామని ఆ దుంగలన్నీ మోసుకుపోయేవాళ్ళ మీద నాన్నకున్న కోపమే నాకూ ఉంది.

కానీ మనుషులు వస్తారు. దారి మూసేశామని బోర్డు పెట్టినా వస్తారు. ఒక చోట బోర్డు పక్క నుంచే బాట పడింది. బోర్డును కూడా బురదగుంటలాగే తప్పుకుని పోయారు! దారికి అడ్డంగా చెట్టు పడి ఉంటుంది. మొదట వచ్చినవాడు కొమ్మల కిందుగా పాకుతాడు. రెండోవాడు పైనుంచి తిరిగిపోతాడు. మూడోవాడికి ఆ పాదముద్రలు కనబడతాయి. దారి ఇటే కాబోలు అనుకుంటాడు. నెల తిరిగేసరికి అక్కడ నిటారుగా, అడ్డదిడ్డంగా, ఏ లెక్కా లేని కొత్త దారి ఒకటి తయారవుతుంది. పడిన చెట్టు ఒక్కటైతే పక్కదారి ఒకటి. వరసగా నలభై చెట్లు పడి ఉంటే? నడిచేవాడు అసలు దారి ఎక్కడుందో మరచిపోయి అడవంతా తొక్కుకుంటూ పోతాడు.

దారి అనగానే మనుషులను లోపలికి పంపేదని అనుకుంటాం. పని మొదలుపెట్టాక నాకు అది తిరగబడి కనిపించింది. మంచి దారి మనుషులను పట్టి ఉంచుతుంది. లక్షల పాదాలను అడుగున్నర, రెండు అడుగుల వెడల్పులో నడిపించి, మిగతా కొండనంతా తొక్కకుండా కాపాడుతుంది. తోట చుట్టూ వేసిన కంచె పశువును ఆపినట్టు, కొండ మీద దారి మనిషిని ఆపుతుంది. తుపానుకు తెగిన కంచెను అలాగే వదిలేసి, చేను దానంతట అదే కోలుకుంటుందిలే అనే రైతు ఎవరూ ఉండరు.

కంచె తెగితే ఏమవుతుందో చూపించడానికి తుపాను కూడా అక్కర్లేదు. మ్యాక్స్ ప్యాచ్ అనే గడ్డి కొండ ఒకటుంది. శిఖరం మీద చెట్లు లేకుండా నలువైపులా కనుచూపు మేర కొండలు కనిపించే అందమైన చోటు. కాలిబాట దాని మీదుగానే పోతుంది. 2020లో, కరోనా రోజుల్లో, జనం ఊళ్ళలో ఉండలేక అక్కడికి ఎగబడ్డారు. ఆ సెప్టెంబరులో పైనుంచి తీసిన ఒక ఫొటోలో శిఖరం మీద వందకు పైగా గుడారాలు కనిపించాయి. జాతరే. అందరూ ప్రకృతి ప్రేమికులే, నేనూ ఆ ఏడాది రెండుసార్లు వెళ్ళాను. గడ్డి చచ్చింది, దారులు వేళ్ళు విప్పినట్టు చీలాయి. 2021లో అక్కడ రాత్రి బస నిషేధించి, దారి దాటి నడవొద్దని చెప్పాల్సి వచ్చింది.

అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. బయటివాళ్ళు రంపాలనూ పడిన మానులనూ ఊహించుకుంటారు. నేనూ అదే ఊహించుకుని వెళ్ళాను. మొదటి రెండు శనివారాలూ నా చేతికి ఇచ్చింది పార. చేయించింది కాలువ పని.

కొండదారికి శత్రువు నీరు. కొండ వాలు మీద నీరు దుప్పటిలా పలచగా జారుతూ ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఆకులు, నాచు, వేళ్ళు దాన్ని నెమ్మదింపజేస్తాయి. ఆ వాలుకు అడ్డంగా మనం దారి కోశాం. జారుతున్న నీరు దారిలోకి దిగుతుంది. దారి అంచు లోపలికి వంగి ఉంటే అక్కడే చిక్కుకుంటుంది. చిక్కుకున్న నీరు దారి వెంటే పరుగు తీస్తుంది. పది అడుగులు పోయేసరికి ఇసుకను మోస్తుంది, వంద అడుగులకు గులకరాళ్ళను మోస్తుంది. నాలుగు వానల్లో దారి కాలువైపోతుంది. అప్పుడు నడిచేవాళ్ళు కాలువలో నడవలేక గట్టెక్కుతారు. పక్కదారి పుట్టేది అలాగే. వెనకటి ఎద్దులబండి దారులు ఏటా కాస్త లోతుకు దిగి చివరికి వాగులైపోవడం మన పల్లెల్లో పెద్దవాళ్ళకు తెలిసిన సంగతే.

దీనికి మందు చాలా చిన్నది. దారిని బయటి అంచు వైపు కొద్దిగా వాల్చాలి. కొలతబద్దతో చూస్తే తప్ప తెలియనంత వాలు. వచ్చిన నీరు వచ్చినట్టే అంచు దాటి దిగిపోతుంది. నీరు జోరుగా వచ్చే చోట దారికి ఏటవాలు అడ్డంగా రాతి వరసో దుంగో పాతాలి. దాన్ని వాటర్ బార్ అంటారు. దాని పని నీటిని ఆపడం కాదు, పక్కకు తోయడం. ఇంకా మంచిది దారినే అక్కడక్కడా కాస్త దించి ఎత్తడం. అప్పుడు దుంగతో పనే ఉండదు, ఆ పల్లం దగ్గర నీరు తనంతట తానే బయటికి పోతుంది. వీటి నోళ్ళు ఆకులతో, మట్టితో పూడుకుపోతాయి. ఏడాదికి రెండుసార్లయినా పూడిక తీయాలి. ఒక్కొక్కదానికి పావుగంట పని. ఊళ్ళో పంటకాలువ పూడిక తీసినవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ పెద్దాయన చూపించిన ఒక సంగతి నా బుర్రలోంచి పోవడం లేదు. ఒకే కొండ, ఒకే వైపు వాలు. దారిలో ఒక ముక్క హెలీన్ దెబ్బకు మోకాలి లోతు కాలువైంది. దానికి పావు మైలు దూరంలో మరో ముక్క పెద్దగా చెక్కుచెదరలేదు. రెండింటి మీదా కురిసింది అదే వాన. రెండో ముక్కలో అంతకుముందు ఏడాదే నీటి పల్లాలు తవ్వారట. ఒక్క చోటు చూసి శాస్త్రం చెప్పకూడదని నాకు తెలుసు. మట్టి వేరై ఉండొచ్చు, రాయి వేరై ఉండొచ్చు. అయినా ఆ రెండు ముక్కల మధ్య నిలబడి చూసినప్పటి నుంచి "తుపాను దారిని ధ్వంసం చేసింది" అన్న వాక్యం చదివితే మనసులో చిన్న నవ్వు వస్తుంది. నిజమే, చాలా చోట్ల ధ్వంసం చేసింది. కొండే జారిపోతే నీటి పల్లం ఏం చేస్తుంది? కానీ కొన్ని చోట్ల మనం పదేళ్ళు బకాయి పెట్టిన పనికి తుపాను వడ్డీతో సహా వసూలు చేసింది.

నా ఫిర్యాదు ఇక్కడే. తుపాను వచ్చిన వారం చందాలు వస్తాయి, వార్తలు వస్తాయి, రంపాలు పట్టుకుని ఫొటోలు దిగడానికి నాలాంటివాళ్ళు వస్తారు. కాలువ పూడిక తీయడానికి అక్టోబరులో ఎవరూ రారు. ఈ కాలిబాటను ముప్పై దాకా స్థానిక క్లబ్బులు, వాటిలోని సామాన్య సభ్యులు చూసుకుంటారు. వాటిలో ఆషెవిల్ వైపు పనిచేసే కరోలినా మౌంటెన్ క్లబ్ 1923లో పుట్టింది, అంటే కాలిబాట పూర్తికాకముందు నుంచే ఉంది. ఇలాంటి క్లబ్బుల్లో నేను కలిసినవాళ్ళలో సగానికి సగం పదవీ విరమణ చేసినవాళ్ళు. మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని పార పట్టేవాళ్ళు. వారాంతంలో ఆ దారుల మీద కనిపించే మన తెలుగువాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. పులిహోర డబ్బాలతో, పిల్లలతో, పాటలతో వస్తాం. పార పట్టిన తెలుగువాళ్ళు నాకు ఇద్దరే ఎదురయ్యారు. ఇది ఎత్తిపొడుపు అనుకుంటే అనుకోండి, పన్నెండేళ్ళు నేనూ పులిహోర జట్టులోనే ఉన్నాను.

చెట్లు కోసే పని మూడో శనివారం దొరికింది, అదీ కోతలో శిక్షణ పొందినవాళ్ళకు సాయంగా. కొన్ని అడవులకు 1964 నాటి చట్టం ప్రకారం 'వైల్డర్‌నెస్' హోదా, అంటే మనిషి జోక్యం లేకుండా కాపాడాల్సిన అడవి అన్న హోదా, ఉంది. హెలీన్‌కు బాగా దెబ్బతిన్న లిన్‌విల్ గార్జ్ ఆ చట్టం మొదటి రోజునుంచీ ఆ హోదా ఉన్న చోటు. అలాంటి చోట మామూలుగా మోటారు రంపాలు వాడకూడదు. ఇద్దరు చెరొక వైపు పట్టుకుని లాగే పాతకాలపు పొడుగు రంపమే గతి. మన ఊళ్ళలో కోతమిల్లులు రాకముందు రంపపు గుంటలో ఒకరు పైన, ఒకరు కింద ఉండి లాగేవారని తాతయ్య చెప్పేవాడు. ఇక్కడ ఇద్దరూ నేల మీదే. సూత్రం ఒక్కటే: లాగు, తోయకు. తోస్తే రంపం వంగి కోతలో బిగుసుకుంటుంది. నీ వంతు అయిపోగానే చేతులు వదులు చేసి అవతలివాడిని లాగనివ్వాలి. పెళ్ళయి పదిహేనేళ్ళయినా నాకు పట్టుబడని విద్య ఇది.

కోసే ముందు చెట్టును చదవాలి. పడిన మాను ఊరికే పడుకుని ఉండదు. రెండు గట్ల మధ్య వంతెనలా పడితే పైభాగం నొక్కుకుని, కిందిభాగం సాగి ఉంటుంది. తప్పు వైపు నుంచి కోస్తే రంపాన్ని మింగేస్తుంది, లేదా ఎగిరి తంతుంది. ఇంకా భయపెట్టేది ఆ వేళ్ళ గోడ. మాను బరువే దాన్ని లేపి పట్టుకుని ఉంటుంది. మాను కోసి బరువు తీయగానే కొన్నిసార్లు ఆ మట్టిపెళ్ళ మొత్తం వెనక్కి పడి, మొద్దును నిటారుగా నిలబెడుతుంది. అందుకే ఆ గుంట వైపు ఎవరూ ఉండకూడదని పదే పదే చెబుతారు. రెండు అడుగుల మందం ఉన్న ఓక్ మానుకు రెండు కోతలు, మధ్యలో చీలలు కొట్టడం, దొర్లించడం... మా నలుగురికీ మధ్యాహ్నమంతా పట్టింది. అంతసేపు కష్టపడ్డాక, కోయక్కర్లేని దాన్ని కోయాలని ఎవరికీ అనిపించదు. దారికి అడ్డంగా ఉన్నంత మేర, తలుపంత వెడల్పు, అంతే. మిగతా మాను రెండు వైపులా అలాగే ఉంటుంది, సాలమాండర్లకు ఇచ్చిన స్థలం. చేతిరంపం చట్టం చాదస్తమని విన్నాను. నెమ్మదిగా కోసే రంపం మనిషికి ఆలోచించే వ్యవధి ఇస్తుంది, నేను దానివైపే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దారి మట్టి కొట్టుకుపోయి వాగుల్లో పడి జీవాలను చంపుతుందని మేం చెబుతుంటాం. హెల్‌బెండర్ అని రెండడుగుల దాకా పెరిగే సాలమాండర్ ఒకటి ఈ వాగుల్లో ఉంది. ముడతలు పడిన చర్మంతోనే నీటిలోని ప్రాణవాయువు పీల్చుకుంటూ పెద్ద బండల కింద సందుల్లో బతుకుతుంది. సన్నటి ఒండ్రు ఆ సందులను పూడ్చేస్తే దానికి ఇల్లే ఉండదు. 2024 డిసెంబరులో దాన్ని అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చాలని ప్రభుత్వ వన్యప్రాణి విభాగం ప్రతిపాదించింది. అయితే నిజాయతీగా చూస్తే, ఒక్క కొండచరియ విరిగిపడినప్పుడు వచ్చే మట్టి ముందు మా దారి మట్టి ఏపాటిది? నాన్న ఇదే అడిగారు. నా జవాబు ఇది: కొండచరియ ఏ తరానికో ఒకసారి దిగుతుంది, వాగు దాన్ని కడుక్కుని కోలుకోవడానికి ఏళ్ళ వ్యవధి దొరుకుతుంది. పాడైన దారి ప్రతి వానకూ కొంచెం కొంచెం వాగులోకి ఒలుకుతూనే ఉంటుంది. కోలుకునే వ్యవధినే అది తినేస్తుంది. పైగా కొండచరియను మనం ఆపలేం, దారిని ఆపగలం.

"తాకకుండా వదిలేస్తే అడవే చూసుకుంటుంది" అనేవాళ్ళకు ఈ అడవుల చరిత్ర కూడా ఒకసారి చెప్పాలి. ఇప్పుడు మనం ఆదిమ అడవి అనుకుంటున్న వాటిలో చాలా భాగం నూరేళ్ళ కిందట నరికేసిన కొండలు. కలప కంపెనీలు మానులన్నీ కొట్టేశాక వాలుల మీద మట్టి నిలవలేదు, వరదలు కిందికి దిగాయి. 1911లో వీక్స్ చట్టం చేసి, నదుల ఎగువ భూములను ప్రభుత్వం కొనడం మొదలుపెట్టింది. 1916లో ఏర్పడిన పిస్గా జాతీయ అడవి అలా వచ్చిందే. అంటే మా నాన్న దానంతట అదే కోలుకుంటుందన్న అడవి, ఇంతకుముందు ఒకసారి మనుషులు పూనుకుని డబ్బు పెట్టి కోలుకోనిచ్చిన అడవి.

మరి కూలిన ప్రతి దారినీ ఎక్కడుందో అక్కడే మళ్ళీ వేయాలా? వద్దు. ఈ విషయంలో నా తోటి పనివాళ్ళతోనే నాకు పేచీ. బెంటన్ మెకాయ్ ఈ కాలిబాట ఆలోచన రాసింది 1921లో, దారి పూర్తయింది 1937లో. ఆ రోజుల్లో శిఖరం కనబడితే నేరుగా దాని మీదికి గీత గీసేవారు. నీరు ఎటు దిగుతుందో ఆ వాలు వెంటే దారి. అలాంటి దారిలోంచి నీటిని పక్కకు మళ్ళించడం సాధ్యం కాదు, పక్క అనేదే ఉండదు. ఎన్ని రాళ్ళు పాతినా పదేళ్ళకొకసారి కొట్టుకుపోతుంది. ఇప్పుడు పాటించే లెక్క వేరు. దారి వాలు, కొండ వాలులో సగానికి మించకూడదు. దారి కొండకు అడ్డంగా, పాములా తిరుగుతూ, నెమ్మదిగా ఎక్కాలి. నడక రెట్టింపవుతుంది. పాత దారి మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఇది నచ్చదు. "మా నాన్న నడిచిన దారి" అంటారు. ఆ మాటకు నేను కరగనని కాదు. కానీ మొదట గీసిన కాలిబాటలో చాలా భాగం ఈ తొంభై ఏళ్ళలో ఎప్పుడో చోటు మార్చుకుంది. తుపాను పాత దారిని తీసుకుపోయిన చోట, అదే తప్పును అదే చోట మళ్ళీ చేయడానికి చందా అడగడం నాకు సిగ్గుగా ఉంటుంది.

శ్రీవారి మెట్టు సంగతి మా ఇంట్లో మాట్లాడకుండా ఈ చర్చ ముగియదు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలకు ఆ నడకదారి బాగా దెబ్బతిని మూతపడింది. మళ్ళీ భక్తులకు తెరిచింది 2022 మేలో. ఆ ఆరు నెలలూ నాన్న అలిపిరి దారిలో, 2,388 మెట్లకు బదులు 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్ళొచ్చారు. "మరి అప్పుడు మెట్టు బాగుచేయడం ఎందుకు నాన్నా, శేషాచలం దానంతట అదే కోలుకునేది కదా," అన్నాను. ఆయన కోపం నటిస్తూ, "అది దేవుడి దారిరా," అన్నారు. కాసేపాగి ఆయనే అన్నారు: "మెట్లు లేకపోతే జనం రాళ్ళ మీద పడి ఎక్కేవాళ్ళు. ఆగుతారా?" ఆగరు. నేను ఇంతసేపూ చెబుతున్నది అదే. రెండు దారులకూ పోలిక అక్కడితో సరి. అక్కడ రాతిమెట్లు, కప్పులు, దీపాలు, రోజూ వేలమంది. ఇక్కడ ఒంటరి మట్టిదారి. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఈ పద్ధతి అక్కడ చాలదు.

ఇంకో ప్రశ్న ఉంది, ఇది మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. ఆషెవిల్ దగ్గరి స్వానన్వాలో ఆయన బంధువుల ఇల్లు వరదలో పోయింది. "ఇళ్ళు లేనివాళ్ళు ఉండగా మీకు విహారపు దారులు కావలసి వచ్చాయా?" అన్నాడు. ఆయనకు నేను వాదన చెప్పలేదు, చెప్పకూడదు. నడిచేవాళ్ళు వస్తేనే కాలిబాట మీదున్న హాట్ స్ప్రింగ్స్, డమాస్కస్ లాంటి ఊళ్ళ అంగళ్ళు నడుస్తాయన్నది నిజం. హాట్ స్ప్రింగ్స్‌లో కాలిబాట ఊరి నడివీధిలోంచే పోతుంది, ఆ వీధీ మునిగింది. కానీ ఇల్లు పోయినవాడికి పర్యాటక ఆదాయం గురించి చెప్పడం మొరటుతనం. దారుల పని ఇళ్ళ పని తర్వాతే రావాలి. నేను చూసినంతలో అలాగే వచ్చింది. మా బృందం పెద్దాయన తుపాను తర్వాత రెండు నెలలు మోటారు రంపంతో ఊళ్ళలో ఇళ్ళ మీద పడిన చెట్లే కోశాడు. అడవిలో అడుగు పెట్టింది ఆ తర్వాతే.

ఇంకొకటి కూడా నా కళ్ళు తెరిపించింది. 2025 మార్చిలో ఉత్తర కరోలినాలోనే పోక్ కౌంటీలో కార్చిచ్చు రేగింది. తుపానుకు పడిన చెట్లు ఎండి కట్టెల మోపుల్లా ఉన్నాయి. దారులు మూసుకుపోయి ఉండటంతో మంటలార్పేవాళ్ళు లోపలికి పోవడానికి చాలా కష్టపడ్డారు. నడకదారి అంటే విహారమే అనుకునేవాళ్ళు ఆ వారం ఆ కొండల పొగ చూసి ఉంటే బాగుండేది. అలాగని ఆ పేరు చెప్పి పడిన కలపనంతా అమ్ముకుందామంటే మాత్రం మళ్ళీ నాన్న పక్షానే నిలబడతాను. ఊళ్ళకు దగ్గరి అంచుల్లో తీయాలి, లోపలి అడవిలో వదిలేయాలి.

చివరిగా వెళ్ళిన శనివారం మా పని దారి వేయడం కాదు, దారిని చెరపడం. వాలుకు అడ్డంగా కొత్త దారి అప్పటికే తయారైంది. పాత నిటారు దారిని మూయాలి. గట్టిపడిన నేలను గునపాలతో పొడిచి వదులు చేశాం. కొమ్మలు, కుళ్ళిన దుంగలు, ఎండుటాకులు ఈడ్చుకొచ్చి అక్కడ దారి ఉండేదని ఎవరికీ అనిపించకుండా పరిచాం. మొదటి యాభై అడుగులు బాగా కప్పితే చాలు, కంటికి దారి కనబడకపోతే కాలు అటు పోదని పెద్దాయన చెప్పాడు. సాయంత్రానికి నాకే ఆ చోటు ఆనవాలు దొరకలేదు.

మూడు వారాల తర్వాత పిల్లలతో అటే వెళ్ళాను, పులిహోర డబ్బాతోనే. మలుపు దగ్గర మేం పరిచిన కొమ్మలను ఎవరో పక్కకు లాగి ఉన్నారు. బూటు గుర్తులు నాలుగైదు, నిటారుగా పైకి. కొత్త దారి చుట్టు తిరుగుడని తోచిందేమో. మా అమ్మాయి డబ్బా పట్టుకుని చూస్తూ నిలబడింది. నేనూ మా అబ్బాయీ చెరొక కొస పట్టుకుని ఒక పెద్ద కొమ్మను మళ్ళీ అడ్డంగా లాగాం. వాడు తోయబోయాడు. "తోయకు, లాగు," అన్నాను.